కారణాలు రాసిన క్షమాభిక్ష

మే డే జెండా ఎగరేసే ప్రతిచోటా షికాగో హేమార్కెట్ పేరు వినిపిస్తుంది. ఆ కేసును తిరగదోడి పదవిని పణంగా పెట్టిన, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర గవర్నర్ జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్‌ను తలచుకునేవాళ్లు మాత్రం తక్కువ.

1886 మే 4 రాత్రి షికాగో హేమార్కెట్‌లో కార్మికుల సభ దగ్గర పోలీసుల మీద బాంబు పడింది. విసిరిందెవరో నేటికీ తేలలేదు. అయినా ఎనిమిది మంది అరాచకవాద కార్యకర్తలను దోషులన్నారు. 1887 నవంబరు 11న నలుగురిని ఉరితీశారు. ఇంకొకరు ముందురోజే జైల్లో ప్రాణం తీసుకున్నారు. మిగిలింది యావజ్జీవ ఖైదీలు ఫీల్డెన్, ష్వాబ్, 15 ఏళ్ల శిక్ష పడిన నీబ్. వాళ్లను వదలమని నగర వ్యాపార ప్రముఖులు సైతం అర్జీ పెట్టారు. పడిన శిక్ష చాలు, దయతలచి వదిలేస్తున్నానని రెండు ముక్కలు రాస్తే గొడవే ఉండేది కాదు.

గవర్నర్ కాకముందు షికాగో ఉన్న కౌంటీ (జిల్లా లాంటిది)లోనే జడ్జిగా చేసిన ఆల్ట్‌గెల్డ్ రికార్డంతా చదివారు. 1893 జూన్ 26న ముగ్గురినీ విడుదల చేస్తూ విచారణ ఎక్కడ చెడిందో వివరంగా రాశారు. చీటీలు తీసి పిలవాల్సిన జ్యూరర్లను (దోషో కాదో తేల్చే పౌరులను) ప్రత్యేకంగా నియమించిన బెయిలిఫ్ అనే కోర్టు ఉద్యోగి తన ఇష్టప్రకారం ఏరుకొచ్చాడు. నిందితులు దోషులేనని ముందే అనుకున్నామని చెప్పినవాళ్లను సైతం ఆ విచారణ జరిపిన జడ్జి గ్యారీ పనికొస్తారన్నాడు. కారణం చెప్పకుండా జ్యూరర్‌ను వద్దనే హక్కు ఒక్కొక్కరికి 20 సార్లు, ఎనిమిది మందికీ కలిపి 160. అవి ఇలాంటివాళ్లను తప్పించడానికే ఖర్చయిపోయాయి. పైగా బాంబు వేసినవాడెవరో తెలియనప్పుడు వాడు వీళ్ల మాట వినే వేశాడని రుజువయ్యేదెలా?

జడ్జి పక్షపాతం గురించి రాసిన చివరి భాగంలో ఘాటు ఎక్కువైందని మా అభిప్రాయం. పత్రికలు ఆయన్ను అరాచకవాదుల మిత్రుడన్నాయి. 1894 పుల్‌మన్ రైల్వే కార్మికుల సమ్మెలో రాష్ట్రాన్ని అడక్కుండా సైన్యాన్ని దింపినందుకు తన పార్టీకే చెందిన అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్‌నే ఆయన నిలదీశారు. 1896 గవర్నర్ ఎన్నికలో ఓడిపోయారు.

మన దగ్గర 2006లో, ఏపూరు సుధాకర్ వేసిన కేసులో, ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఖైదీ ఫలానా పార్టీ మంచి కార్యకర్త అన్న మాట ఫైల్లో కనిపించింది. జెండా పండగలప్పుడు ఖైదీల విడుదల జీవోలు రెండు రాష్ట్రాల్లోనూ వస్తుంటాయి. ఒక్కో పేరు పక్కన విడుదలకు కారణం కూడా అచ్చువేయాలని ప్రభుత్వాలను కోరుతున్నాం.