నాలుగణాల ప్రాసెసర్, పన్నెండణాల బోర్డు

మధ్యతరగతి గృహస్థు డెస్క్‌టాప్ కొనేటప్పుడు ఓవర్‌క్లాకింగ్‌ను విలాసంగా కాక పొదుపు మార్గంగానే పరిగణించాలని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. చవక ప్రాసెసర్ కొని, తయారీదారు నిర్ణయించిన వేగం కంటే పైకి తోలి, ఖరీదైన దాని చాకిరీ చేయించుకోవడంలోని ధర్మసూక్ష్మం అందరికీ బోధపడదు. దీనికి పూర్వప్రమాణం కూడా ఉంది. 1998లో 300 మెగాహెర్ట్జ్ చిప్పుగా వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ, 440బిఎక్స్ చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపి నడిపే చిప్పుల జత) ఉన్న మదర్‌బోర్డులో బస్ వేగాన్ని, అంటే ప్రాసెసర్‌కు బోర్డు అందించే మూల లయను, 66 నుంచి 100కు మార్చగానే, చాలామంది ఇళ్లలో 450 వద్ద నిక్షేపంగా నడిచింది. ఆ సుభిక్షాన్ని తలచుకుని మా వర్గం నేటికీ నిట్టూరుస్తూనే ఉంది.

ఆ నిట్టూర్పులు విన్న కంపెనీలు తాళాలు వేశాయి. ఇంటెల్‌లో సాధారణంగా పేరు చివర ‘కె’ ఉంటే తప్ప మల్టిప్లయర్, అంటే ఆ మూల లయను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే గుణకం, కదలదు. కదిలే చిప్పు దొరికినా, జెడ్ తరగతి చిప్‌సెట్ బోర్డు లేకపోతే పందెపు గుర్రాన్ని కొని కొట్టంలో కట్టేసినట్టే. 2014లో పెంటియం పేరుకు ఇరవై ఏళ్లు నిండాయంటూ ఆ కంపెనీ 72 డాలర్లకు జి3258ను తాళం తీసి విడుదల చేసింది. 3.2 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు, అంటే లెక్కలు చేసే విభాగాలు రెండు. దానికి తగిన జెడ్97 బోర్డు ధర మాత్రం ప్రాసెసర్ ధరను దాటింది. చారానా కోడికి బారానా మసాలా అని పెద్దలు అన్నది ఎగతాళిగా కాదని, ముందుచూపుతోనని నాకు అప్పుడే తెలిసింది. (కొందరు బోర్డు తయారీదారులు చవక బోర్డుల్లోనూ బయాస్ అనే మూల సాఫ్ట్‌వేర్ ద్వారా దొడ్డిదారి తెరిచారు, అలాంటి మర్యాద తప్పిన పనులను నేను సమర్థించను, వాడుకున్నాను.) ఆ ఏడాది చివర వచ్చిన ఫార్ క్రై 4 అనే వీడియో గేమ్ మాత్రం వేగాన్ని అడగకుండా కోర్లను లెక్కపెట్టి, రెండే ఉన్నాయని నల్లటి తెర చూపించింది.

2017లో ఇంటెల్ పోటీదారు ఏఎండీ తన తొలి రైజెన్ చిప్పులన్నిటికీ మల్టిప్లయర్ తెరిచే ఉంచి, అత్యంత చవకైన ఎ320 బోర్డుల్లో మాత్రం ఆ వసతి తీసేసి, బి350లో ఇచ్చింది. పొదుపరి చూడవలసింది మాత్రం చిప్‌సెట్ పేరొక్కటే కాదు, ప్రాసెసర్‌కు కరెంటును సరిచేసి అందించే వీఆర్‌ఎం. వోల్టేజీని 10 శాతం, వేగాన్ని 20 శాతం పెంచితే విద్యుత్ వినియోగం సుమారు 45 శాతం పెరుగుతుంది, ఎందుకంటే వోల్టేజీ లెక్కలోకి వర్గమై వస్తుంది. ఆ భారాన్ని హీట్‌సింక్ కూడా లేని బోర్డు నెత్తిన పెట్టడం బాలకార్మిక వ్యవస్థను ప్రోత్సహించడమే. అందుకని మంచి బోర్డు, దాని వెంట మంచి కూలర్, వాటి వెంట కాస్త పెద్ద పవర్ సప్లై కొన్నాను.

గదిలోని గాలి కంటే చల్లగా ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను ఉంచలేదన్నది భౌతికశాస్త్రం; మే నెల రామగుండంలో గది గాలి ఎంత వేడిగా ఉంటుందన్నది అనుభవం. కనుక ఏసీ కూడా వచ్చింది.

ఇదంతా కూడితే మొదట వద్దనుకున్న ఖరీదైన ప్రాసెసర్‌ను దాటిపోయిందని ఇంట్లోవారి ఆరోపణ. వారికి పద్దులు రాయడం తెలియదు. కూలర్ రేపు కొనబోయే ప్రాసెసర్‌కూ పనికొస్తుంది కాబట్టి అది ఆస్తి. పవర్ సప్లై కూడా అంతే. ఏసీని నాన్నగారి రక్తపోటు నిమిత్తం ఆయన గదిలో బిగించామని వైద్య ఖర్చుల కింద రాశాను. కంప్యూటర్ అదే వారం ఆ గదిలోకి మారడం కేవలం యాదృచ్ఛికం.