పోలీస్ స్టేషన్ ముంగటి ర్యాంపు గారికి

శ్రీయుత ర్యాంపు గారికి దండాలు.

నిన్న పొద్దున 11 గంటలకు రమ్మంటే వచ్చి, సాయంత్రం 4 దాకా తమరి పాదాల కాడ కూసున్న మనిషి తరఫున ఈ ఉత్తరం. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు మనిషి, ఫ్లోరైడ్ నీళ్లతోని వచ్చే ఫ్లోరోసిస్‌తోని మోకాళ్లు ముడుసుకపోయినయ్. నేరం చెయ్యలే, దొంగతనం చూసిండు. గంతే.

ఏమనుకోకుండ్రి, తమరి కొలతలు తీసినం. మెట్లు 3, ఒక్కోటి 6 అంగుళాలు. అంటే ఎత్తు అడుగున్నర. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలుండాలె, ఆ లెక్కన తమరు 18 అడుగులు సాగాలె. ఉన్నది 5. గీ వాలు మీద వీల్‌చైర్ తోస్తే ముంగటి చిన్న చక్రాలు లేస్తయ్, కుర్చీ ఎల్లెలకల పడతది. దించేటప్పుడు వెనక్కి తిప్పి దించకుంటే మనిషి బోర్ల పడతడు. పట్టుకునే కడ్డీ ఒక్క పక్కన గూడ లేదు. పైన కుర్చీ తిప్పే జాగ లేదు. నున్నటి టైల్స్ ఏసినోడికి వాన సంగతి యాదికి లేనట్టుంది. అడుగున సీజ్ చేసిన మోటార్ సైకిళ్లు. ఫొటో మటుకు మంచిగొచ్చింది లెండి, బిల్లు గూడ పాసయ్యే ఉంటది.

నిజం చెప్పాల్నంటే, ఆ మనిషికి తమరితోని పనే లేదు. పాత సీఆర్‌పీసీ జాగల 2024 జూలై 1 నుంచి నడుస్తున్న చట్టం బీఎన్‌ఎస్‌ఎస్, దాని 179 సెక్షన్ చూడుండ్రి: శారీరక, మానసిక వైకల్యమున్న సాక్షిని ఇల్లు దాటి రమ్మనొద్దు. తనకు తానే వస్తానంటే వేరు. ఇది కొత్త ముచ్చట గూడ కాదు, 2013లనే సీఆర్‌పీసీ 160 సెక్షన్ల చేర్చిండ్రు. నోటీసు మీద సెక్షన్ నంబర్ అచ్చయి ఉంటది, దాని కిందనే ‘స్టేషన్‌లో హాజరు కావలెను’ అని రాస్తరు! రాసినాయన ఆ సెక్షన్ చదివిండా? చదివే రాసిండా?

  

తమరిని పొడుగు చెయ్యుమని అర్జీ పెడ్తం, ఫిర్యాదు ఇయ్యనీకి వచ్చేటోళ్ల కోసం. గిసొంటి సాక్షుల కోసమైతే జీపుల డీజిల్ పోసుకొని, ఓ కాగితం, ఓ పెన్ను పట్టుకొని మర్రిగూడ దాకా సార్లే రావాలె. ఆ ఇంటికి మెట్లు గూడ లెవ్వు.