ఇంట్లో మనిషికి గంటల లెక్క ఉండదట

నిన్న ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అక్కా, ఆపేర్‌గా వెళ్తే గది, తిండి ఫ్రీ కదా. ఇంక వచ్చిందంతా మిగులే కదా?" ఈ నెలలో ఇలాంటి మెసేజ్ ఇది నాలుగోది. ఒక్కొక్కరికీ విడిగా రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, కాస్త కోపంగా కూడా ఉంటుంది.

ఆపేర్ అనేది ఫ్రెంచి మాట. "సమానంగా" అని అర్థం. పరాయి దేశం నుంచి వచ్చిన అమ్మాయో అబ్బాయో ఒక కుటుంబంతో ఉంటూ వాళ్ళ పిల్లల్ని చూసుకుంటే, వాళ్ళు గది, భోజనం, చేతిఖర్చుకు కొంత డబ్బు ఇస్తారు. 1969లో యూరప్ దేశాలు స్ట్రాస్‌బర్గ్‌లో దీని మీద ఒక ఒప్పందం కూడా రాసుకున్నాయి. అందులో ఆపేర్ విద్యార్థీ కాదు, పనివాళ్ళలో ఒకరూ కాదు, మధ్యలో ఏదో. నా గొడవంతా ఆ "మధ్యలో ఏదో" గురించే.

నేను ఆపేర్‌గా వెళ్ళింది ఆస్ట్రేలియా 462 వీసా మీద. వర్క్ అండ్ హాలిడే అంటారు. మనవాళ్ళకు అది 2024 అక్టోబరు నుంచే తెరిచారు, ఏడాదికి 1,000 మందికి. వయసు 18 నుంచి 30 దాకా, చదువు, ఇంగ్లిష్, ఖర్చులకు దగ్గర 5,000 డాలర్లు ఉండాలి. 25 డాలర్లు కట్టి పేరు ఇస్తే లాటరీ తీస్తారు. పేరు వస్తేనే అసలు వీసాకు అప్లై చేసుకోవాలి, నేను వెళ్ళినప్పుడు దానికి ఫీజు 650 డాలర్లు. మొదటి లాటరీలోనే నా పేరు వచ్చింది. మా తణుకులో మా అమ్మ వీధి వీధంతా స్వీట్లు పంచింది.

మెల్‌బోర్న్ శివారులో ఇల్లు. ఇద్దరు పిల్లలు, మూడేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. మాట్లాడుకున్నది వారానికి 30 గంటలు, 250 డాలర్లు, శని ఆదివారాలు సెలవు. ఆ ఇంటావిడ చెడ్డమనిషి కాదు. నా పుట్టినరోజుకి కేక్ చేసింది, నాకోసం ఎక్కడో వెతికి కరివేపాకు తెచ్చింది. అరిచి, తిట్టి, పాస్‌పోర్టు లాక్కునే మనిషైతే కథ సులువుగా ఉండేది. ఎదురు తిరిగి బయటికి వచ్చేసేదాన్ని.

రెండో వారం బేబీ మానిటర్, అంటే బాబు ఏడిస్తే పక్క గదిలోకి వినిపించే చిన్న పెట్టె, నా గదిలో పెట్టింది. "నీ గది పక్కనే కదా, నీకైతే త్వరగా వినిపిస్తుంది" అంది. వినిపించడం పనా, కాదా? రాత్రి రెండింటికి బాబు వాంతి చేసుకుంటే దుప్పటి మార్చడం పనా, కాదా? శుక్రవారం సాయంత్రం మొగుడూ పెళ్ళాలు బయటికి వెళ్తే నేను ఇంట్లో ఉండటం? నాకెలాగూ వెళ్ళే చోటు లేదట, కాబట్టి అది పని కాదట. ఒక వారం పట్టుబట్టి ఫోన్‌లో గంటలు రాసుకున్నాను. మానిటర్ పక్కన నిద్రపోయిన గంటలు వదిలేసి, మేలుకున్నవే 47 వచ్చాయి.

చూపించాను. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేం నిన్నెప్పుడూ పనిమనిషిలా చూడలేదు. నువ్వు మా ఇంట్లో మనిషివి" అంది. చివరికి సారీ చెప్పింది నేనే! ఆ రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. అప్పటికి అక్కడ గంటకు కనీస వేతనం 24.10 డాలర్లు. 47 గంటలకు 1,132 డాలర్లు. గదికీ తిండికీ ధారాళంగా 400 తీసేసినా, నాకిచ్చే 250 తీసేసినా, ఇంకా 480 దాకా తేడా. ఇంట్లో మనిషి అనిపించుకున్నందుకు నేను వారం వారం కట్టిన రుసుం అది.

చట్టం ఏమంటుందంటే, ఆపేర్ ఉద్యోగి అవునా కాదా అన్నది మీ మధ్య ఏర్పాటు ఎలా ఉందో చూసి తేల్చాలంటుంది. ఆపేర్లకని అక్కడ ప్రత్యేకంగా వీసా లేదు, ప్రత్యేకంగా చట్టమూ లేదు. కానీ తమాషా చూడండి. ఈ వీసా మీద ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి పని చేయకూడదు. ఆపేర్‌గా అదే ఇంట్లో ఇంకా ఉండాలంటే అనుమతి అడగాలి. అంటే ఇమిగ్రేషన్ వాళ్ళ కాగితాల్లో ఆవిడ నాకు యజమాని. జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వదిన. ఇంకొకటి, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు వారానికి 30 గంటలు దాటితేనే సూపర్, అంటే మన పీఎఫ్ లాంటిది, కట్టాలి. ఎక్కడ చూసినా ఆపేర్ ఒప్పందాల్లో 30 అంకె ఎందుకు కనపడుతుందో నాకు ఆలస్యంగా వెలిగింది.

వెళ్ళేముందు నన్ను సరైన ప్రశ్నలు అడిగింది ఒక్కరే, మా పిన్ని. పదకొండేళ్ళు కువైట్‌లో 20 నంబరు వీసా మీద ఇంటిపని చేసి వచ్చింది. "ఏమే, నీ గదికి లోపల గడియ ఉంటదా? ఫోను నీ చేతిలోనే ఉంటదా? సెలవురోజు ఆ ఇంట్లోనే పడుండాలా, బయటికి పోవచ్చా?" అంది. నేను నవ్వాను. "పిన్నీ, ఇది కువైట్ కాదు, ఇది కల్చరల్ ఎక్స్ఛేంజ్" అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పిన్ని వెళ్తే "పాపం, అప్పులు తీర్చడానికి పోయింది" అన్నారు. నేను వెళ్తే "ఆస్ట్రేలియాలో ఉంటోంది" అన్నారు. ఇద్దరం కడిగింది పిల్లల ముడ్లే. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి కావాల్సిన రకం) మీద ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండాలంటుంది మన ప్రభుత్వం, చిన్నవయసులో వెళ్తే మోసపోతారని. నా వీసాకేమో 31 రాకూడదు. ఇంకా విడ్డూరం, కువైట్‌లో 2015 నుంచి ఇంటిపనివాళ్ళకని 68వ నంబరు చట్టం ఉంది. రోజుకు 12 గంటలకు మించకూడదు, వారానికో రోజు సెలవు, మానేసేటప్పుడు ఏడాదికో నెల జీతం. అది ఎంత బాగా అమలవుతుందో పిన్నిని అడిగితే గంట చెబుతుంది, నేను కాదనను. కానీ "ఇది పని" అని ఆ కాగితం ఒప్పుకుంది. నా కాగితం అదీ ఒప్పుకోలేదు.

తెల్లవాళ్ళను ఆడిపోసుకోవడానికి ఇది రాయడం లేదు. ఊళ్ళో దూరపు చుట్టాల పిల్లను తెచ్చి, "చదివిస్తాం, సొంత పిల్లలా చూసుకుంటాం" అని బిడ్డను ఎత్తించిన ఇళ్ళు మన బంధువుల్లో ఎన్ని లేవు? ఆ పిల్లకు పండక్కి గౌను, మనకు ఏడాదంతా ఆయా.

అన్నిచోట్లా ఇంతేనా అంటే, కాదు. జర్మనీలో ఆపేర్ వీసాకు కనీసం రూల్స్ రాసి పెట్టారు: వయసు 27 లోపు, కాస్త జర్మన్ రావాలి, వారానికి 30 గంటలకు మించకూడదు, నెలకు 280 యూరోలు, ఇన్సూరెన్స్ ఆ కుటుంబమే కట్టాలి. 280 చాలా తక్కువే, కానీ దేనికి ఒప్పుకుంటున్నామో ముందే తెలుస్తుంది. అమెరికాలో వారానికి 45 గంటల దాకా పనికి 195.75 డాలర్లని చాలా ఏళ్ళు నడిపారు. 2019 డిసెంబరులో బోస్టన్‌లోని అప్పీల్ కోర్టు, మసాచుసెట్స్‌లో ఆపేర్లకు కూడా ఆ రాష్ట్ర కనీస వేతన చట్టం వర్తిస్తుందని తేల్చింది.

ఏజెంట్ల సంగతి క్లుప్తంగా. "462 గ్యారంటీ, ఆపేర్ జాబ్‌తో సహా" అని లక్షలు అడిగేవాళ్ళ గడప తొక్కకండి. లాటరీకి గ్యారంటీ ఏంటి? "టూరిస్ట్ వీసా మీద వెళ్ళి పిల్లల్ని చూసుకో, ఎవరడుగుతారు" అనేవాళ్ళు ఇంకా ప్రమాదం. 2015లో అలా ఎయిర్‌పోర్టులో ఆగిపోయిన ఇద్దరు ఆపేర్లకు అప్పటి ఆస్ట్రేలియా ఇమిగ్రేషన్ మంత్రి పీటర్ డటన్ తన అధికారంతో వీసాలు ఇచ్చారు. 2018లో అది బయటపడి సెనేట్ విచారణ దాకా వెళ్ళింది. మనకోసం సంతకం పెట్టే మంత్రి ఎవరూ ఉండరు. ఇంకో మాట, రెండో ఏడాది వీసా కావాలంటే నిర్ణయించిన ప్రాంతాల్లో, నిర్ణయించిన పనులు మూడు నెలలు చేయాలి. ఆపేర్ పని ఆ లెక్కలోకి రాదు.

నాలుగు నెలలకు ఆ ఇల్లు వదిలేశాను. తర్వాత ఒక కేఫ్‌లో గిన్నెలు కడిగాను. గంటకు ఇంత, స్లిప్పు మీద పన్ను 15 శాతం, షిఫ్ట్ అయిపోతే ఎవరూ పిలవరు. ఆ కేఫ్ ఓనరు నా పేరు సరిగ్గా పలకలేదు, నా పుట్టినరోజు ఆయనకు తెలియదు. నాకు చాలా హాయిగా ఉండేది. బాబు మాత్రం గుర్తొస్తాడు. "నిద్ర రావట్లేదు" అని తెలుగులో అనడం నేర్చుకున్నాడు వాడు.

నిన్నటి అమ్మాయికి పిన్ని అడిగిన మూడు ప్రశ్నలూ పంపాను. నాలుగోది నేను కలిపాను: మానిటర్ ఎవరి గదిలో ఉంటుంది? ఇవన్నీ వీడియో కాల్‌లోనే ఆ కుటుంబాన్ని అడుగు, జవాబులు మెయిల్‌లో రాసి పంపమను అన్నాను.

"ఇవన్నీ అడిగితే వాళ్ళు ఫీలవుతారేమో అక్కా" అంది.