ఏ చెక్క?

చెక్క శిల్పాలూ నైరూప్య చిత్రాలూ కలిపి పెట్టిన ఒక ప్రదర్శనకు నిన్న వెళ్లాను. చిత్రాలు బాగున్నాయి, శిల్పాలు ఇంకా బాగున్నాయి. నా కోపమంతా వాటి పక్కన అంటించిన చీటీల మీదే.

చిత్రం పక్కన ‘కాన్వాస్‌పై యాక్రిలిక్’, కొలతలు, ఆ కింద పది వరుసల తత్వం. శిల్పం పక్కన ‘చెక్క’. అంతే! టేకా, వేపా, చింతా? హోటల్లో పట్టికలో ‘కూర’ అని మాత్రం రాసిపెడితే ఊరుకుంటామా?

కొండపల్లి బొమ్మల వాళ్లు తెల్ల పొణికి కర్ర కోసమే ఎందుకు తిరుగుతారు? అది తేలిక, ఉలికి ఇట్టే లొంగుతుంది. చేతులూ తలా విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాక వాళ్లకు అంకుడు కర్ర కావాలి. అది లేత్ మీద గిర్రున తిరుగుతుంటే రాపిడి వేడికి లక్క కరిగి దానికి పట్టుకుంటుంది. చెట్టు మారితే పనే మారిపోతుంది. అలాంటిది, చెట్టు పేరే ఎగరగొట్టేస్తే ఎలా?

ఇక చూడవచ్చిన వాళ్లు. ఒక పెద్దమనిషి బూడిదరంగు చిత్రం ముందు చేతులు కట్టుకుని, గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డారు. అదే మనిషి శిల్పం దగ్గరకు రాగానే “ఇది ఏ దేవుడండీ?” అన్నారు. ఆయనను తప్పుపట్టను. మన ఊళ్లలో కలప రథమైంది, గుడి వాహనమైంది, పెళ్లిపీట అయింది. ఊరికే ఆకారంగా నిలబడే హక్కు దానికి మనం ఎప్పుడిచ్చాం కనుక?

చిత్రకారుడు గైతోండే రోలర్‌తో, కత్తితో రంగును పొరలు పొరలుగా వేసి, మళ్లీ గీకి తీసేవారు. తన పనిని ‘అబ్‌స్ట్రాక్ట్’ అంటే కూడా ఒప్పుకునేవారు కాదు. ఆ గీకడం ఉలి పనికి ఎంత దగ్గర! అలాంటి చిత్రం పక్కనే గాట్లు కనిపించే మొద్దును నిలబెడితే రెండింటినీ కలిపి పెట్టినందుకు అర్థం ఉండేది. ఇక్కడ చిత్రాలకు గోడలూ దీపాలూ దక్కాయి. శిల్పాలను హాలు మధ్యలో ముక్కాలిపీటల్లా వదిలేశారు. ఒకదాని మీద ఎవరో టీ కప్పు కూడా పెట్టారు.

బయటికి వస్తూ, ద్వారం దగ్గరి శిల్పాన్ని చూపించి కాపలా ఆయనను అడిగాను, ఇది ఏ చెక్క అని. వాళ్ల నాన్న వడ్రంగి అట. ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డు వైపు ఒకసారి చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని వంగారు.

“వేప, సార్. పాత దూలం అయి ఉంటుంది. మేకుల రంధ్రాలు కనిపించడం లేదూ?”

చూస్తే ఉన్నాయి, మూడు.