బంతి లేచాక వచ్చే చుట్టం

మన పెళ్ళిళ్ళలో ఒక దగ్గరి చుట్టానికి తరతరాలుగా అన్యాయం జరుగుతోంది. ఆవిడ కడుపు నిండిందని చెప్పే హార్మోన్. పేరు కొలెసిస్టోకైనిన్, ముద్దుగా సీసీకే. కాపురం చిన్నపేగు మొదట్లో. 1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు పెట్టిన ఆ పేరుకి ‘పిత్తాశయాన్ని కదిలించేది’ అని అర్థం.

నెయ్యి పేగులోకి దిగిందంటే చాలు, సీసీకే కొంగు బిగిస్తుంది. కొవ్వు అరగడానికి పిత్తాశయాన్ని పిండి పైత్యరసం తెప్పిస్తుంది. కింద ఇంకా పని తెమల్లేదు, నిదానంగా పంపమని జీర్ణాశయానికి చెబుతుంది. వేగస్ నాడి మీదుగా మెదడుకి ‘ఇక చాలు’ అని కబురంపుతుంది. 1973లో ఎలుకలకి ఈ హార్మోన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే తిండి తగ్గించేశాయి. ఎలుకలకి కొసరి కొసరి వడ్డించే మేనత్తలు లేరని ఇక్కడ గమనించాలి.

చిక్కల్లా, కడుపు నిండిన సంగతి మనకి తెలిసేసరికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. మొన్న నేను వెళ్ళిన పెళ్ళిలో బంతి పన్నెండు నిమిషాల్లో లేచింది. లేవక చస్తుందా? గోంగూర కలుపుకుంటుండగానే నా కుర్చీ వీపు మీద ఎవరిదో చెయ్యి పడింది. రెండో బంతి వాళ్ళు! ఆ టెన్షన్‌లో నేనుంటే నేతి కుర్రాడు పప్పు మీద గిన్నె వంచాడు. ‘చాలు’ అన్నాను. మన వడ్డన భాషలో చాలు అంటే ఇంకో గరిటె అని. గ్రాము పిండిపదార్థానికి 4 క్యాలరీలైతే, గ్రాము నేతికి 9. ఆ లెక్క కుర్రాడికి తెలీదు, నాకు తెలిసీ ఉపయోగం లేదు.

గ్రెలిన్ అలా కాదు. 1999లో జపాన్‌వాళ్ళు కనిపెట్టిన ఈ ఆకలి హార్మోన్, రోజూ తినే వేళకి ముందే జీర్ణాశయం నుంచి బయల్దేరుతుంది. ఆకలి రుచెరుగదంటారు గానీ, టైమ్ బాగా ఎరుగును.

కాబట్టి నా డిమాండ్ ఒక్కటే. పప్పూ నెయ్యీ పడ్డాక ఇరవై నిమిషాలు వడ్డన ఆపాలి. అక్షింతలు వెయ్యడానికి స్టేజీ దగ్గర అరగంట క్యూలో నిలబడే జాతికి ఇదో లెక్కా?

ఆ రోజూ సీసీకే కబురు అందింది. అప్పటికి నేను చెయ్యి కడుక్కుని ఐస్‌క్రీమ్ దగ్గరున్నాను. రెండు స్కూపులు పడ్డాక ‘చాలు’ అన్నాను.

మూడోది పడింది.