ఉత్తరాల తీగ దొరవారి దివ్యసముఖమునకు

మహారాజరాజశ్రీ ఇనుపతీగ దొరవారికి, కడప, కర్నూలు, అనంతపురం వైపు పాత పోస్టుకార్డుల పిచ్చి పట్టినవాళ్లం చేసుకునే విన్నపములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ చెయ్యి రావడం లేదు. తమరు కుశలమే. కార్డులకే కడుపులో బెజ్జం.

మిద్దె దూలానికి కొట్టిన మేకుకు వేలాడుతూ, అడుగున చెక్కబిళ్ల, పైన కొక్కెం, ఆ కొక్కెం కొసన సూదిమొన. కార్డు రావడం, ఎవరో ఒకరు గట్టిగా చదవడం, తమరికి గుచ్చి బలి ఇవ్వడం. తమరికి తన పర అనే భేదం లేదు. శెనక్కాయల మండీ ధరవరలు, కోర్టు వాయిదా, అల్లుడి అలక, అన్నిటికీ ఒకటే పోటు. అదీ నడిమధ్యన! అందుకే ఒకవైపు చిరునామాలో ఊరిపేరు, రెండోవైపు "పెండ్లికి ఇన్ని తులాలు" అన్నచోట సరిగ్గా ఆ అంకె, ఒక్క దెబ్బకు ఎగిరిపోతాయి. ఏ తాత ఎంత ఒప్పుకున్నాడో ఇక తమరికే తెలియాలి.

తమరి పోటు పడిన కార్డుకు బజార్లో ధర తగ్గుతుంది. బెజ్జం చుట్టూ తుప్పు వలయం ఉంటే ఇంకా తగ్గుతుంది. తుప్పు అంటే మరక ఒక్కటే కాదు, ఇనుము ఉన్నచోట కాగితం తొందరగా చివికిపోతుంది. చవుడు మట్టి కప్పిన మిద్దె కారినప్పుడల్లా ఆ నీళ్లు తమరి ఒంటిమీదుగానే దిగుతాయి కాబట్టి అడుగు కార్డులకు వలయం పెద్దది.

అయినా తమరికి ఒక దండం పెట్టక తప్పదు. కింద ఉన్నది పాతది, పైన ఉన్నది కొత్తది. ఇంత నిక్కచ్చిగా వరస కాపాడే గుమాస్తా మా జిల్లాల్లో ఇంకొకడు లేడు. తపాలా ముద్ర చెరిగిపోయి తేదీ తెలియని కార్డుకు పైదీ కిందిదీ సాక్ష్యం చెబుతాయి. కార్డు మీద అచ్చైన గుర్తులను మాత్రమే నమ్ముకుంటే అంత గట్టిగా చెప్పలేం. మనదేశంలో కార్డు పుట్టింది 1879 జులై 1న, ఖరీదు కాలణా. ధర నయాపైసల్లో ఉంటే 1957 ఏప్రిల్ తర్వాత అచ్చయింది. పిన్‌కోడు గళ్లు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. కానీ అది అచ్చైన కాలమే, రాసిన కాలం కాదు. కొని పెట్టెలో దాచుకుని ఏళ్ల తర్వాత రాసే పొదుపరులు ఏ ఊళ్లో లేరు? 1953 అక్టోబరు నుంచి మూడేళ్లు కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని. ఆ మూడేళ్ల కర్నూలు ముద్ర కావాలని వెతికేవాళ్లకు తమరి వరసే దిక్కు.

ఇక తమరి బారి నుంచి కార్డులను విడిపించే పద్ధతి. తొందరపాటుగాళ్లు కట్టను రెండు చేతులా పట్టి కొక్కెం మీదుగా పైకి లాగుతారు. వంపు దగ్గర ప్రతి బెజ్జమూ చిరిగి చీలికవుతుంది. అలా కాదు. కట్టకు రెండు వేళ్ల పైన తమరి మెడను కటింగ్ ప్లేయరుతో తెంచాలి (క్షమించాలి). తెగినచోట ముల్లులాంటి అంచు మిగులుతుంది, దాన్ని గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. ఆ తర్వాత పైనుంచి ఒక్కొక్క కార్డే, రెండువైపులా వేళ్లు ఆనించి, నిటారుగా ఎత్తాలి. తుప్పుకు అతుక్కున్నది కదలకపోతే బలవంతం వద్దు, కార్డును అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పితే అదే వదులుతుంది. తీసిన ప్రతిదానికీ మూలన మెత్తటి పెన్సిలుతో వరస అంకె వేయాలి. బాల్‌పెన్ను ముట్టుకోకూడదు.

దుమ్ము పొడి కుంచెతోనే దులపాలి. తడిగుడ్డ పెడితే సిరా అలుక్కుపోతుంది. పెన్సిల్ రాతే కదా అని ధీమా పడినా మోసపోతారు. అది కాపీయింగ్ పెన్సిలైతే తడి తగలగానే ఊదారంగు పొంగుతుంది. వంకర తిరిగిన కార్డులను తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన నున్నటి కడప బండ ముక్క బరువేసి, రెండు మూడు వారాలు మరిచిపోవాలి. నాలుగు మూలలా పసుపు ఉంటే అది మరక కాదు, శుభవార్త. రబ్బరుతో రుద్దకండి, ఎండ తగలనివ్వకండి, పసుపు వెలిసిపోతుంది.

తమరి దగ్గర ఎంత వెతికినా దొరకనిది చావుకబురు. దాన్ని చదివి గడప బయటే చించేస్తారు. అందుకే ఏ కట్ట చదివినా ఆ ఇంట్లో అందరూ పెళ్లిళ్లు చేసుకుంటూ, అప్పులు అడుగుతూ చిరంజీవులుగా కనిపిస్తారు.

ఇంకోమాట. తమరి కన్నా పెద్ద హంతకులు వచ్చారు. జిరాక్సు అంగడిలో లామినేషన్ మిషను ఉంది. వేడికి జిగురు కరిగి కాగితంలోకి ఇంకుతుంది, మళ్లీ ఊడదు. కార్డు భద్రంగా ఉంటుంది, శవపేటికలో ఉన్నట్టు. సెల్లోటేపు కొన్నేళ్లకు ఊడి, పసుపుపచ్చ జిగురు మాత్రం వదిలిపోతుంది. ఘాటు వాసన కొట్టే పీవీసీ ప్లాస్టిక్ ఆల్బంకు సిరా అంటుకుంటుంది. పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్ కవరే మంచిది. మామూలు కార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు. కవరు అంతకన్నా కొంచెం పెద్దదిగా చూసుకుని, బీరువాలో నిలువుగా పేర్చుకోవాలి. తమరు పొడిచింది ఒక్క పోటు, వీళ్లది నిండా ముంచడం.

బొమ్మల కార్డులు తమరికి తక్కువగానే చిక్కాయి. మద్రాసు పుస్తకాల అంగడి హిగ్గిన్‌బాతమ్స్ వాళ్లు అచ్చేసినలాంటివి అద్దాల పెట్టెల్లోకి పోయాయి. పది రెట్ల భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అచ్చు, కనిపించకపోతే అసలు ఫోటో కావచ్చు. ఆ పేచీ తమరికెందుకు.

ప్రస్తుతం తమరి మకాం పాతసామాన్లు కొనే గుజిరీ అంగడి. అక్కడ కాగితం ఒక లెక్క, ఇనుము ఒక లెక్క. అందుకని కార్డులను పెరికి ఒక మూలకు, తమరిని ఇంకో మూలకు విసిరేస్తారు. వరస అక్కడే గల్లంతు. కొనేవాళ్లకు మా సలహా ఒకటే: పెరకక ముందే పోయి, తీగతో సహా కట్టనంతా ఇనుము ధరకే తూకం వేయమనండి. కాగితానికి ఇనుము ధర వస్తుందంటే ఏ గుజిరీ అయ్యా కాదనడు.

ఇట్లు,
తమరి బెజ్జాల్లోంచి చదువుకునేవాళ్లం