పిల్లర్ నంబరు చెప్పండి సార్

మా బావమరిది దగ్గర ప్రతి కొనుగోలుకూ ఒక సిద్ధాంతం ఉంటుంది. హోటల్లో వడ్డించేవాడు మధ్యాహ్నం ఎక్కడ తింటాడో కనుక్కుని అక్కడే తినాలంటాడు. ఫ్లాటు కొనేముందు బిల్డరు ఏ ఇంట్లో ఉంటాడో చూడాలంటాడు. మేము కారు కొనబోతున్నామని వాళ్ల అక్క చెప్పగానే నాకు ఫోను చేశాడు.

"బావా, షోరూంలో రంగు బొమ్మలు చూసి మురిసిపోకు. అమ్మేవాడు పొద్దున్నే ఏ బండి మీద వస్తాడో చూడు. వాడు నమ్మని బండిని నువ్వెందుకు నమ్మాలి?"

నాకు ఆ మాట నచ్చింది. పైసా ఖర్చు లేని సలహాలన్నీ నాకు నచ్చుతాయి.

అందుకని ఒకరోజు ఉదయం తొమ్మిదింటికే హైదరాబాద్‌లో మెహదీపట్నం వైపు ఉన్న ఒక షోరూం వెనక సందులో, ఛాయ్ దుకాణం ముందు నిఘాకు నిలబడ్డాను. ఒక ఛాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అయ్యేసరికి సిబ్బంది రావడం మొదలుపెట్టారు. ఒకటీ అరా స్కూటర్లు, మిగిలినవన్నీ మోటారు సైకిళ్లు. దిగినవాళ్లు హెల్మెట్ తీసి, బండి అద్దంలో తల దువ్వుకుని, జేబులోంచి ముందే ముడివేసి ఉన్న టై తీసి మెడలో వేసుకుని బిగించుకుంటున్నారు. పట్టుమని పది నిమిషాల్లో సందంతా వరుడి తరఫు వాళ్లతో నిండినట్టయింది. కారులో వచ్చింది ఒక్క మేనేజరుగారు. ఆ కారు కూడా ఎదుటి కంపెనీది, పాతది. దాన్ని షోరూం దాకా తేకుండా నాలుగు దుకాణాల అవతల వేపచెట్టు కింద ఆపి, అటూ ఇటూ చూసి నడిచి వచ్చారు.

బావమరిదికి ఫోను చేసి చెప్పాను. "చూశావా?" అన్నాడు. ఏమి చూశానో ఇద్దరికీ తెలియదు గాని, పెద్ద రహస్యం దొరికినట్టే అనిపించింది.

ఇది 2025 సెప్టెంబరు నాటి సంగతి. ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీది నుంచి జీఎస్టీ తగ్గిస్తామని చెప్పిన క్షణం నుంచి కారు కొనాలనుకున్న వాళ్లందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి తేల్చింది: చిన్న కార్ల మీద 28 శాతం, ఆపైన సెస్సు ఉన్న పన్ను 18 శాతానికి దిగుతుంది, 22 నుంచి అమలు. ఈలోగా మహాలయ పక్షాలు వచ్చిపడ్డాయి. పన్ను తగ్గేదాకా కొందరు, పోయిన పెద్దలు తృప్తిపడేదాకా కొందరు ఆగిపోయారు. నేను రెండు జాబితాల్లోనూ ఉన్నాను. అయితే కొనకూడదని ఉంది గాని, చూడకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు కదా.

షోరూంలో అడుగుపెట్టగానే ముగ్గురు మంచినీళ్లు తెచ్చారు. అంత ఖాళీగా ఉంది. ముగ్గురిలో ముందు చేరుకున్న అబ్బాయి నాకు దక్కాడు. పాతికేళ్లుంటాయి. కారును చూపిస్తూ అతను "మన బండి" అంటున్నాడు. నేను అప్పటికే గట్టివాడినని అనిపించుకోవాలని తొందరపడుతున్నాను కనుక మూడు ముక్కలూ మొదటే చెప్పేశాను. ఇన్సూరెన్సు మా బావమరిది స్నేహితుడి దగ్గర చేయించుకుంటాను. సీటు కవర్లూ, మ్యాట్లూ బయట వేయించుకుంటాను. లోను అక్కర్లేదు. ఒక్కొక్క మాటకూ అబ్బాయి నవ్వు ఒక్కొక్క అంగుళం తగ్గింది. అదీ నా గట్టితనం ఫలితమే అనుకున్నాను.

"టెస్ట్ డ్రైవ్‌కు వెళ్దామా సార్? ఇలా సందు తిరిగి అలా వచ్చేద్దాం."

"సందు తిరగడానికి కారెందుకు? ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుదాం. పికప్ తెలియాలి."

అబ్బాయి ఒక క్షణం తటపటాయించాడు. అప్పుడే నాకు అర్థం కావలసింది. స్టీరింగు వెనక పెట్రోలు బంకు బొమ్మ పసుపు పచ్చగా వెలుగుతోంది.

"ఇది వెలుగుతోందేమిటి బాబూ?"

"అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది సార్. డెమో కారు కదా. ఆ లైటు ఆరడం నేను చేరాక చూడలేదు."

తెలియనివాళ్లకు చెప్పాలి. పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, 2009లో తెరిచారు. విమానాశ్రయానికి వెళ్లేవాళ్లకు వరం. దాని మీద ఎర్రదీపాలు లేవు, ఛాయ్ దుకాణాలు లేవు, పెట్రోలు బంకులు అసలే లేవు. ద్విచక్ర వాహనాలను ఎక్కనివ్వరు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి.

పికప్ నిజంగానే బాగుంది. అత్తాపూర్ దాటుతున్నామో లేదో, కారు రెండుసార్లు దగ్గినట్టు ఊగి, ఆ తర్వాత ఎంతో మర్యాదగా మౌనం వహించింది. ఉన్న వేగంతోనే ఎడమ గోడ పక్కకు చేర్చాను. ఏసీ ఆగిపోయాక గాని అబ్బాయికి చెమట పట్టడం చూడలేదు. అతను టై విప్పి సీటు మీద పడేసి, డిక్కీలోంచి ఎర్ర త్రికోణం తీశాడు. దాని ప్లాస్టిక్ కవరు చించాలా వద్దా అని ఆలోచించి, కవరుతోనే రోడ్డు మీద నిలబెట్టాడు.

షోరూంకు ఫోను వెళ్లింది. అబ్బాయి బండినే వేసుకుని సహోద్యోగి ఒకడు బయలుదేరాడు. పైకి రానివ్వరు కనుక కింది రోడ్డు మీద వస్తాడు. పావుగంటకు ఫోను మోగింది.

"పిల్లర్ నంబరు చెప్పు."

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా కింద ఉన్నవాళ్లందరి చిరునామాలూ ఆ పిల్లర్ నంబర్లే. కల్యాణ మండపం, పళ్ల డాక్టరు, ట్యూషన్లు, అన్నీ ఫలానా పిల్లర్ దగ్గరే. కాని ఆ నంబరు పిల్లర్‌కు రాసి ఉంటుంది, పిల్లర్ మీద నిలబడ్డవాడికి కనిపించదు. మేమిద్దరం పిట్టగోడ మీదుగా వంగి చూశాం. కింద ఒక కొబ్బరిబోండాల బండి.

"అన్నా! ఈ పిల్లర్ నంబరెంత?" అని అరిచాడు అబ్బాయి.

ఆయన ముందు చెట్టు వైపు చూశాడు, తర్వాత ఆకాశం వైపు. "ఎక్కడికి వెళ్లాలి?"

"ఎక్కడికీ వెళ్లలేం! దీని మీదే ఉన్నాం!"

"నూట నలభై మూడు" అన్నాడాయన, కత్తి పక్కన పెట్టి, మా ఇద్దరినీ తీరిగ్గా పరిశీలిస్తూ.

అబ్బాయి ఫోనులో "వన్ ఫోర్ త్రీ" అన్నాడు. కుర్రకారులో ఆ అంకెకు ప్రేమ పరమైన అర్థం ఉందన్న సంగతి అవతలివాడి నవ్వు వినిపించాకే నాకు గుర్తొచ్చింది. మరో అయిదు నిమిషాలు అది నిజంగానే పిల్లర్ నంబరని ఒప్పించడానికి పట్టాయి.

ర్యాంపు దాకా వెనక్కి నడిచి కిందికి దిగాం. ఆ మిత్రుడు కారుకు కాపలాగా పైకి వెళ్లాడు. నేనూ పైనే ఉండవలసింది. కాని దారినపోయే ప్రతి కారూ నన్ను చూసి హారను కొట్టి వెళ్తుంటే ఉండబుద్ధి కాలేదు. అబ్బాయి వెనక బండెక్కాను. ఉన్నది ఒకటే హెల్మెట్. అది నడిపేవాడి తలమీద ఉంది.

వాళ్ల నాన్నగారి బండి అట. సీటు చిరిగినచోట సైకిలు ట్యూబుతో కట్టు కట్టారు. తాళం చెవి సగం అరిగిపోయి దువ్వెన పన్నులా ఉంది గాని, దానికి వేలాడుతున్న కీచైను మాత్రం మా కారు కంపెనీది, తళతళలాడుతోంది. నాకు వెంటనే బావమరిది సిద్ధాంతం గుర్తొచ్చింది. గాలికి గొంతు పెంచి, మన జాతి మొత్తం అడిగే ప్రశ్న అడిగాను.

"జీతమెంత బాబూ?"

"పద్దెనిమిది వేలు సార్, పెట్రోలుతో కలిపి."

"మరి కమీషను?"

బండి అత్తాపూర్ గుంతల్లో ఎగురుతుండగా మిగతాదంతా ముక్కలు ముక్కలుగా చెవిన పడింది. నెలలో మొదటి మూడు కార్లకూ ఏమీ రాదు. నాలుగో కారు నుంచి బండికింత. ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే చేయిస్తే కొంత, లోను ఇప్పిస్తే కొంత, సీటు కవర్లూ మ్యాట్లూ అంటగడితే కొంత. మేనేజరు ఒప్పుకున్నదానికి మించి తగ్గిస్తే అది అమ్మినవాడి వాటాలో కోత. ఉదయం నేను గర్వంగా ఏకరువు పెట్టిన మూడు ముక్కలూ వరసగా జ్ఞాపకం వచ్చాయి. నేను కారును బేరమాడుతున్నాననుకున్నాను గాని, అంతసేపూ ఇతని జీతాన్ని బేరమాడాను.

"ఆగస్టు 15 తర్వాత ఎన్ని అమ్మావు?"

"ఒకటే సార్. పేపరు చదివే అలవాటు లేని మా మేనమామకు." ఒక గుంత దాటాక కలిపాడు, "ఇప్పుడు మాట్లాడటం లేదు."

శిక్షణలో వాళ్లకు జో జిరార్డ్ కథ చెబుతారట. అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఆయన 1973 ఒక్క ఏడాదిలో 1,425 కార్లు అమ్మాడు, పదిహేనేళ్లలో మొత్తం 13,001. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాడు. కొన్నవాళ్లందరికీ నెలనెలా "మీరంటే నాకిష్టం" అని కార్డు పంపేవాడు. "ఆయన ఊళ్లో మహాలయ పక్షాలు ఉండవు కదా సార్" అన్నాడు అబ్బాయి, కాస్త అసూయగా.

బంకులో సీసా చూడగానే కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. సీసాలో పోయరు, బండిలోనే పోస్తారు. నేను ముందుకు వెళ్లి, నా నెరిసిన జుట్టు కనిపించేలా నిలబడి, పెద్దమనిషి తరహాలో అడిగాను. మళ్లీ అడ్డంగానే ఊపాడు. అప్పుడు అబ్బాయి ఏమీ మాట్లాడకుండా తన బండి ట్యాంకు నిండా పోయించి, సొంత ఫోనుతో డబ్బు కట్టాడు. 143కు తిరిగి వచ్చాక బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ట్యాంకు కింద ట్యాపు కట్టేసి, రబ్బరు గొట్టం ఊడబీకి, సీసా మూతికి పెట్టి, ట్యాపు తిప్పాడు. కొబ్బరిబోండాల ఆయన గొడుగు పట్టాడు. తొమ్మిది లక్షల కారు ఆకలి తీర్చడానికి, కట్టు కట్టిన సీటున్న బండి సన్నటి ధారగా పెట్రోలు ఇచ్చుకుంటోంది. ఆ దృశ్యం బావమరిదికి చూపించాలనుకున్నాను గాని, ఫోటో తీయడానికి చెయ్యి రాలేదు.

పైనున్న మిత్రుడు తెలివైనవాడు. మళ్లీ ర్యాంపు ఎక్కే పని లేకుండా తన టై, అబ్బాయి విప్పి పడేసిన టై ముడివేసి గోడ మీది నుంచి వేలాడదీశాడు. సగం దూరం కూడా రాలేదు. చివరకు నడిచే వెళ్లాం.

షోరూంకు తిరిగి వచ్చాక అయిదు వందల నోటు తీశాను. "వద్దు సార్, డెమో పెట్రోలు మీరు ఇవ్వకూడదు. బిల్లు పెడతాను" అన్నాడు. బిల్లు మీద ఉన్నది మోటారు సైకిలు నంబరని ఇద్దరికీ తెలుసు. మర్యాదకైనా ఇంకొక్కసారి అనవలసింది. నోటు జేబులోకి వెళ్లిపోయిన వేగం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కారు పికప్ అంతకంటే తక్కువే.

ఆ మర్నాటి నుంచి రోజూ ఉదయం ఆరున్నరకు ఫోనులో శుభోదయం. గులాబీలు, సూర్యోదయం, వినాయకుడు. జో జిరార్డ్ నెలకొక కార్డుతో సరిపెట్టుకున్నాడు పాపం. నాలుగో రోజు పువ్వులకు బదులు ఒక ఫోటో వచ్చింది. "సార్, మీరు బాగా పడ్డారు" అని కింద రాశాడు. ట్రాఫిక్ పోలీసుల ఈ-చలానా. వెనక సీట్లో నా నెరిసిన తల, ఆ తలకు హెల్మెట్ లేదు, చేతిలో ఖాళీ సీసా. ముఖంలో జీతమడిగే ఆసక్తి స్పష్టంగా కనిపిస్తోంది. జరిమానా 100, సేవా రుసుము 35.

22న పన్నూ తగ్గింది, నవరాత్రులూ మొదలయ్యాయి. దసరాలోపే కారు తీసుకున్నాం. ఇన్సూరెన్సు అక్కడే చేయించాను, సీటు కవర్లు కూడా. బావమరిది అలిగాడు. ముసుగు లాగి, మనిషంత తాళం చెవి పట్టుకుని మేము దిగిన ఫోటో చుట్టాల గ్రూపులో పెట్టబోయి, వేలు జారి ఆ చలానా ఫోటో పెట్టాను. చూసుకునేలోపు పదహారు మంది "శుభాకాంక్షలు" అన్నారు. విజయవాడ పిన్ని మాత్రం "రంగు బాగుంది, టాప్ లేదా?" అని అడిగింది.

చలానా 135 నేనే కట్టాను. ఆ డబ్బు కారు ధరలో తగ్గించమని మేనేజరును అడిగానని మా ఆవిడ అందరికీ చెబుతోంది. అది అబద్ధం. నేనడిగింది నూరే.